మా వదిన మాట్లాడని సాయంత్రం

మా వదిన బ్రిహిదాకి నోరెక్కువ. ఆడపడుచుని కాబట్టి అంటున్నాననుకోకండి, సాన్ ఒనోఫ్రె ఊరంతా అనేదే. కాపురానికి వచ్చిన వారంలోపలే బావి దగ్గర ఆడవాళ్లందరినీ నవ్వించింది, అందులో ఇద్దరితో గొడవా పెట్టుకుంది. మొక్కజొన్న రుబ్బుతూ మాట్లాడేది, రొట్టెలు కాలుస్తూ మాట్లాడేది, గుడిలో పాదిరి మోక్షం గురించి చెబుతుంటే పక్కావిడతో కోడిపెట్టల గురించి చెప్పేది. మా అన్న ఉర్బానో జీనులు కుట్టేవాడు. రోజంతా తోలూ సూదీ తప్ప వాడికి వేరే లోకం లేదు, మాటలు బహు తక్కువ. "ఇంటికి రెండు నోళ్లెందుకు, ఉన్నది చాలదా" అని నవ్వేవాడు. గాడిద తన్నినప్పుడు వాడి ముందు పన్నొకటి ఊడిపోయింది. నవ్వితే ఆ సందు కనిపించేది. వదినకి ఆ సందంటే ఇష్టం.

అంత మాటకారి ఒక్క సాయంత్రం నోరు విప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది, కూతురికి పెళ్లి చేసింది, మనవల్ని ఎత్తుకుంది. అయినా ఆవిడ ఆ సాయంత్రంలోంచి బయటికి రాలేదనే నేనంటాను. పక్కపక్కన కూచుని మిరపకాయల తొడిమలు తీస్తున్నప్పుడు ఉన్నట్టుండి చేతులు ఆగిపోయేవి. పెరటి గుమ్మం వైపు చూసేది. ఆ గుమ్మంలో ఎవరూ ఉండేవారు కాదు.

ఉర్బానో వెళ్లిపోయిన సంగతి ముందు చెప్పాలి.

మా అయ్య రాజుగారి తలపన్ను కట్టలేక కొరడా దెబ్బలు తిన్న రాతిస్తంభం చావడి ముందు ఇప్పటికీ ఉంది. ఉర్బానో రోజూ దాని పక్కనుంచే తోలు మోసుకుంటూ నడిచేవాడు. దాన్ని చూసి ఎప్పుడూ ఏమీ అనలేదు కాబట్టి వాడు మరిచిపోయాడనుకున్నాం. పొలాల్లో కంకులు ముదురుతున్న రోజుల్లో ఒక కబురొచ్చింది. డొలోరెస్ ఊరి పాదిరి గుడిగంట కొట్టి జనాన్ని లేపాడట, స్పెయిన్ దొరల పాలన ఇక చాలు అన్నాడట, పన్ను లేదు, బానిసత్వం లేదు అన్నాడట. మర్నాడు మా ఊరి పక్క దారిలోనే గుంపు వెళ్లింది. ముందు గ్వాడలూపె మాత బొమ్మ ఉన్న జెండా, వెనక కొడవళ్లు, కర్రలు, పసిపిల్లల్ని వీపున కట్టుకున్న ఆడవాళ్లు. ఉర్బానో చేతిలో ఉన్న జీను సగంలో వదిలేశాడు. ఒక కత్తి, ఒక వడిసెల తీసుకున్నాడు.

వదిన వాడిని తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినపడ్డాయి. తిడుతూనే రొట్టెలు కాల్చింది, తిడుతూనే మూట కట్టింది. మూట చేతికిచ్చి, "పోయిరా. ఆ సగం జీను మాత్రం నేను కుట్టను" అంది. అప్పటికి తనకి నెల తప్పిన సంగతి వదినకే తెలియదు. వాడికి తెలిసే దారే లేదు.

చలికాలంలో కాల్దెరోన్ వంతెన దగ్గర మనవాళ్లు చెల్లాచెదురయ్యారని విన్నాం. ఏడు తిరిగేసరికి, ముందుండి నడిపించిన పెద్దల తలలు ఇనప పంజరాల్లో వేలాడుతున్నాయని విన్నాం. ఉర్బానో గురించి మాత్రం ఏ కబురూ లేదు. ఈలోపే వసంతంలో వదినకి ఆడపిల్ల పుట్టింది. ఇలారియా అని పేరు పెట్టాం. ఆ తర్వాత మా ఊళ్లో రాజు సైన్యం దిగింది. కొందరు సముద్రం అవతలివాళ్లు, కొందరు తీరం వైపువాళ్లు, వాళ్ల మీద ఒక కెప్టెన్. చావడి మెట్ల మీద నిలబడి అతను చెప్పింది ఒక్కటే: తిరుగుబాటుదారుణ్ణి దాచినా, వాడు మావాడని ఎవరు ఒప్పుకున్నా, ఆ ఇల్లు తగలబెడతారు, ఆడవాళ్లని జైలుకి పంపుతారు, పిల్లల్ని ఎక్కడికి పంపుతారో చెప్పరు. పొరుగూళ్లో అలాగే చేశారు కూడా. ఆ పొగ మా పొలాల దాకా వచ్చింది. దాంతో మా ఇంట్లో ఉర్బానో పేరు గట్టిగా పలకడం మానేశాం.

పేరు పలకకపోయినా వాడి గురించే ఇంట్లో ఏటా పోట్లాట. పోయినవాళ్లకి వండి బల్ల మీద పళ్లెం పెట్టే చచ్చినవాళ్ల పండగ దగ్గరపడితే చాలు, ఉర్బానోకీ పెట్టాలని అమ్మ మొదలుపెట్టేది. మా అమ్మ కసియానాకి కొడుకు చచ్చిపోయాడని నమ్మకం. కలలో వస్తున్నాడనేది. వెలుగు చూపించే కొవ్వొత్తి పెట్టినవాళ్లు లేక తన వేళ్లే వెలిగించుకుని నడుస్తున్నాడనేది. పళ్లెం లేని ప్రేతం వీధి వీధీ తిరిగి, ఇతరుల గుమ్మాల్లోంచి వాసనలు పీల్చుకుంటూ పోతుంది కదా, తన కొడుక్కి ఆ గతి పట్టిందని ఏడ్చేది. వదిన ఒప్పుకునేది కాదు. బతికున్న మనిషికి పళ్లెం పెడితే చావుని ఇంటికి పిలిచినట్టేనని ఊళ్లో ఎవరికి తెలియదు? "నీకు కొడుకు చచ్చాడని ఏడవడం సుఖంగా ఉందేమో అత్తా, నాకు మొగుడు బతికున్నాడని తిట్టుకోవడమే బాగుంది" అనేది. అమ్మ రోజంతా మూతి ముడుచుకుని కూచునేది. పళ్లెం లేకుండానే పండగ గడిచేది. మా అయ్యకి ఒక్కడికే పెట్టేవాళ్లం.

ఇలారియాకి మాటలు వచ్చి, వదినలాగే ఆగకుండా వాగడం మొదలుపెట్టిన ఏడు, వానాకాలం చివర్లో కంచరగాడిదలు తోలే ప్లాసిదో వచ్చాడు. జితాకువారో కొండల్లో ఒక జీనులవాణ్ణి తన చేతులతో పాతిపెట్టానన్నాడు. పేరు తెలియదట. ఈ చుట్టుపక్కలవాడేనట, ముందు పన్ను లేదట. ప్లాసిదో అబద్ధాలకోరు కాదు. ఎవరినో పాతిపెట్టే ఉంటాడు. ఈ దేశంలో ముందు పన్ను లేని జీనులవాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

వదిన ఆ రోజు ఏడవలేదు. పొయ్యి ముందు కూచుని, రొట్టె మాడిపోతున్నా తియ్యలేదు. సాయంత్రం అమ్మ దగ్గరికెళ్లి, "సరే అత్తా, పెడదాం" అంది. అంతే. ఏళ్ల తరబడి సాగిన పోట్లాట ఆ ఒక్క మాటతో ఆగిపోయింది. గెలిచినందుకు అమ్మ మొహంలో సంతోషం ఏమీ కనపడలేదు.

పండగకి వదిన చేసిన వంట ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. టర్కీ కోడిని కోసి నల్లమిరపకాయల ముద్దలో ఉడకబెట్టింది. గుమ్మడికాయ ముక్కల్ని బెల్లప్పాకంలో దగ్గరకి రానిచ్చింది. గుడి వెనక పొయ్యిలో రొట్టె కాల్పించుకొచ్చింది. మట్టిముంతలో కిత్తనార కల్లు, పక్కన నీళ్లు, ఉప్పు. బల్ల మీద మా అయ్య పళ్లెం ఒక పక్క, ఉర్బానో పళ్లెం ఒక పక్క. దాని దగ్గర వాడి గడ్డిటోపీ, తోలుకుట్టే సూది పెట్టింది. బంతిపూల రేకులు గంపెడు దూసి, శ్మశానం నుంచి వీధంతా, మా గుమ్మం దాకా, గుమ్మం నుంచి బల్ల దాకా దారి పోశాం. మా ఊళ్లో ప్రతి ఇంటికీ అలాంటి దారి ఉంటుంది. అన్ని దారులూ శ్మశానం గేటు దగ్గర కలుస్తాయి.

ఆ పూట ఊరంతా శ్మశానంలో ఉండాలి, వచ్చేవాళ్లని ఎదురెళ్లి పిలవాలి. ఇంట్లో మాత్రం ఒక్కరే ఉండాలి. పోయిన మనిషికి అందరికంటే దగ్గరివాళ్లు తలుపు తీసిపెట్టి కూచోవాలి. ఆ ఏడు అది వదిన వంతు. అమ్మ వెళ్లే ముందు ఆవిడకి అన్నీ మళ్లీ చెప్పింది. వాళ్లు వస్తే మొహంలోకి చూడకూడదు. ముట్టుకోకూడదు. వాళ్లు మాట్లాడతారు, చాలామందికి తాము చచ్చిపోయామని తెలియదు, బతికే ఉన్నామంటారు, ఉండనిమ్మని బతిమాలతారు. ఏమన్నా సరే, బదులు పలకకూడదు. పలికితే తిరిగి వెళ్లే దారి మరిచిపోతారు, చివరికి వెళ్లేటప్పుడు ఇంట్లోని చిన్న ప్రాణాన్ని వెంట తీసుకుపోతారు. మా మేనత్త జసింతా చచ్చిన మొగుడు పిలిస్తే 'ఆఁ' అందట. క్రిస్మస్ లోపల చంకలో పిల్లాడు పోయాడు. ఆవిడ నిజంగా పలికిందో లేదో నాకు తెలియదు, పిల్లాడి సమాధి మాత్రం మా అయ్య సమాధి పక్కనే ఉంది.

వదిన ఇలారియాని ఒళ్లో పడుకోబెట్టుకుని కూచుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు ఎన్నోసార్లు చెప్పింది. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస. ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యేది కాదు.

సన్నగా జల్లు పడుతోందట. సాంబ్రాణి పొగ గదిలో కిందికి దిగి ఉందట. పిల్ల నిద్రలోకి జారుకుంది. వదిన కళ్లు దించుకునే కూచుంది. పొగలోంచి మట్టి వాసన వచ్చింది. పాత మట్టి, తవ్విన మట్టి వాసన. కాళ్లు కనపడ్డాయి. చెప్పుల్లేవు. మడమల దాకా మట్టి, గోళ్లు నల్లగా.

"బ్రిహిదా" అన్నాడు. "నేనే. భయపడకు."

వదిన పిల్లని గట్టిగా పట్టుకుంది.

"కుక్క అరవలేదేం? చచ్చిపోయిందా?"

అది నిజమే, కుక్క అంతకు ముందు ఏడు చచ్చిపోయింది. అది వాడికి ఎలా తెలుసు అనుకుంది వదిన. చచ్చినవాళ్లకే కదా అలాంటివి తెలుస్తాయి.

వాడు బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆకలన్నాడు, నిన్నటి నుంచీ నీళ్లు తప్ప ఏమీ లేవన్నాడు. తింటున్న చప్పుడు వినపడింది. వదిన తలెత్తలేదు. ప్రేతాలు వాసన తీసుకుంటాయని, రుచి లాగేసుకుని తిండిని చప్పగా వదిలేస్తాయని చిన్నప్పటినుంచీ విన్నది. ఆ చప్పుడు కూడా అందులో భాగమే అనుకుంది. తింటూనే మాట్లాడాడు. జట్టంతా చెదిరిపోయిందట, లోయలో గుహలో దాక్కుని వచ్చాడట, వెనక సిపాయిలున్నారట.

"గాదెలో దాక్కుంటా. నాలుగు రోజులు, అంతే. ఊళ్లో సైన్యం ఎక్కడుంటోంది?"

వదిన పలకలేదు.

"ఒక్క మాటనవే. నీ నోటికి ఏమైంది?"

ఆ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ వదిన గొంతు మారిపోయేది. అందులో ఉర్బానో నవ్వు ఉందట. తల ఎత్తబోయిందట. అప్పుడే ఒళ్లో పిల్ల కదిలింది. వాడు దగ్గరికి వచ్చాడు, వంగాడు. మట్టి వాసన మొహం మీదికి వచ్చింది.

"ఈ పిల్ల ఎవరిది?"

వదిన శాలువ లాగి పిల్ల తల మీద కప్పేసింది, మొహం కనపడకుండా. వాడి నుంచి దాచింది. జసింతా అత్త కొడుకు సమాధి ఒక్కటే ఆవిడ కళ్ల ముందు ఉంది.

వాడు అలాగే నిలబడ్డాడట. ఆ తర్వాత బల్ల వైపు తిరిగాడు. తన టోపీ, తన సూది, వాటి మధ్య వెలుగుతున్న కొవ్వొత్తి అప్పుడే చూసి ఉంటాడు. "సరే, బ్రిహిదా" అన్నాడు. వీధి గుమ్మంలోంచి, బంతిపూల రేకుల మీద అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయాడు. చచ్చినవాళ్లు వెళ్లేది అలాగే కదా. వదిన మనసులో దండం పెట్టుకుంది, పిల్లని వదిలి వెళ్లినందుకు.

వాడు అలా శ్మశానం వైపు ఎందుకు నడిచాడో నాకు తెలియదు. అమ్మని ఒక్కసారి చూద్దామనుకున్నాడని నేను సర్దిచెప్పుకుంటాను. వదిన అలా అనుకునేది కాదు. నోరు విప్పని పెళ్లాన్ని, ఎవరి బిడ్డో తెలియని పిల్లని చూసినవాడికి ఏ దారైనా ఒకటేనని ఆవిడ లెక్క.

నేను, అమ్మ, ఊరివాళ్లు సమాధుల దగ్గర కొవ్వొత్తులు పట్టుకుని ఉన్నాం. జనం గుమిగూడితే భయం కాబట్టి కెప్టెన్ గేటు దగ్గర సిపాయిల్ని నిలబెట్టాడు. పూలదారి మీద ఒక మనిషి వస్తున్నాడని ముందు ఎవరు చూశారో తెలియదు. పొడుగ్గా, ఎముకల గూడులా, ఒంటినిండా మట్టితో. ఒకళ్ల తర్వాత ఒకళ్లం తలలు దించుకున్నాం. ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాం. ఎవరూ మొహంలోకి చూడలేదు, ఎవరూ నోరు తెరవలేదు. కన్నతల్లి కూడా కళ్లు మూసుకుని నిలబడింది. వాడు మా మధ్యనుంచే నడిచాడు. నా శాలువ అంచుకి వాడి చెయ్యి తగిలిందనిపించింది. ఊరంతా చచ్చినవాడనుకున్న మనిషిని బతికున్న మనిషిగా చూసింది ఆ సిపాయిలే. వాళ్లు మా ఊరివాళ్లు కాదు. వాళ్లకి మా పండగ తెలియదు.

తుపాకి మడమతో ఒకడు కొట్టాడు. అన్న మోకాళ్ల మీద పడ్డాడు. చెంప మీద రక్తం కారింది. ప్రేతాలకి రక్తం ఉండదు. అప్పుడు అమ్మ కళ్లు తెరిచి చూసింది. అరవబోయింది. నేను ఆవిడ నోరు నా భుజానికి అదుముకుని పట్టుకున్నాను. కెప్టెన్ మాటలు నాకు గుర్తున్నాయి, పొరుగూరి పొగ గుర్తుంది. కట్టెలమోపుని ఈడ్చినట్టు వాణ్ణి ఈడ్చుకెళ్లారు. ఊరివాళ్లలో చాలామంది గుర్తుపట్టారు. ఎవరూ కిక్కురుమనలేదు.

ఇంటి దగ్గర వదిన కొవ్వొత్తి మార్చడానికి లేచింది. కల్లుముంత ఖాళీగా ఉంది. ఉప్పు చెదిరి ఉంది. టర్కీ ఎముక శుభ్రంగా చీకి పక్కన పడేసి ఉంది. రొట్టె సగం కొరికి ఉంది, కొరికిన చోట పళ్ల గుర్తులు, మధ్యలో ఒక పన్ను లేని సందు. వదిన ఆ సగం రొట్టె తీసి నోట్లో పెట్టుకుంది. చప్పగా లేదు. వెన్న, సోంపు, అన్నీ తెలుస్తున్నాయి. నేల మీదికి చూసింది. పెరటి గుమ్మం నుంచి బల్ల దాకా మట్టి అడుగులున్నాయి. పూలదారి మీద వచ్చినవాడైతే పెరట్లోంచి ఎందుకు వస్తాడు? ఈ మాట ఆవిడ నన్ను బతికున్నన్నాళ్లూ అడిగింది. "నాకు బుర్ర లేదా సబీనా? చచ్చినవాడు పెరట్లోంచి వస్తాడా?"

పిల్లని చంకనేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తింది. వీధి మలుపులో మేం ఎదురయ్యాం. అమ్మ ఆవిడ మొహంలోకి చూసి, "వాడు బతికే ఉన్నాడే" అంది. అనేసి రాళ్ల మీదే కూలబడింది.

మర్నాడు ఉదయం ఊరందర్నీ చావడి ముందుకి పిలిపించారు. ఇంట్లోంచి బయల్దేరే ముందు నేను వదిన కాళ్లు పట్టుకున్నాను. రావద్దు, వచ్చినా వెనకే ఉండు అని. ఆవిడ విన్లేదు. "ఇది నీ కూతురు అని ఒక్క మాట చెప్పాలి. అది వినకుండా పోతే ఎలా?" అంది. ఇల్లు కాల్చేస్తారే, పిల్లని తీసుకుపోతారే అంటే, తెలుసు అంది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, జాలేసింది, భయమూ వేసింది.

ఒకప్పుడు మా అయ్యని కట్టిన స్తంభానికే అన్ననీ కట్టారు. తన పేరు వేరే ఏదో చెప్పాడు, ఊరు ఎక్కడో ఉత్తరాన అన్నాడు. వీడెవరో తెలిసినవాళ్లున్నారా అని కెప్టెన్ అడిగాడు. చిన్నప్పుడు వాడితో కోడిపందాలు ఆడినవాళ్లున్నారు ఆ గుంపులో, వాడు కుట్టిన జీనుల మీద తిరిగేవాళ్లున్నారు, వాడితో గట్టు తగాదా ఉన్నవాళ్లూ ఉన్నారు. అందరూ నేల చూశారు. ఆ ఒక్క విషయంలో మా ఊరికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అప్పుడు వదిన జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్లింది. ఇలారియా చంకలో ఉంది. ఆవిడ నోట్లోంచి "ఉర్బానో" అనే పేరు వచ్చేసింది.

కెప్టెన్ తిరిగి చూశాడు. నా పక్కన అమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి.

"ఏయ్, నీకు తెలుసా వీడు?"

వదిన జవాబు చెప్పేలోపలే అన్న మాట్లాడాడు. నిదానంగా, విసుగ్గా, ఎవరో దారినపోయేదాని గురించి చెప్పినట్టు. "పిచ్చిదిలా ఉంది దొరా. పండగపూట కదా, చచ్చిన మొగుణ్ణి వెతుక్కుంటోంది. నిన్న వీళ్లంతా నన్ను చూసి దయ్యమనుకున్నారు. ఇదింకా అక్కడే ఉంది."

కొందరు సిపాయిలు నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు. వదిన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీ మొగుడెక్కడున్నాడు?"

వదిన అన్న వైపు చూసింది. నేను అమ్మని పట్టుకుని ఆవిడ వెనకే ఉన్నాను. అవునంటే ఇల్లు, పిల్ల, అమ్మ, నేను, అందరం పోతాం. మాట్లాడకపోతే, ముందురోజులాగే అన్న ఏదీ తెలియకుండా పోతాడు. పేలవంగా నవ్వింది, నిజంగానే పిచ్చిదానిలా. పిల్లని చంకలోంచి తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది, దాని మొహం స్తంభం వైపు ఉండేలా.

"చచ్చిపోయాడు దొరా" అంది. "నిన్న పళ్లెం కూడా పెట్టాను. ఆయన వెళ్లేనాటికి ఇది నా కడుపులో ఉంది. నాకే తెలీదు, ఆయనకేం తెలుస్తుంది? అచ్చం ఆయన పోలికే, చూడండి. నాన్న ఏడి అంటుంది. ఆయన కూతురేనని చెబుదామంటే మనిషి లేడు. నిన్న ఇంటికి వస్తాడేమోనని తలుపు తీసే కూచున్నాను దొరా. దయ్యమనుకుని నోరు విప్పలేదు. పిల్లకేమైనా అవుతుందని భయపడి మొహం కప్పేశాను. అంతే, ఇంకేం లేదు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెబుతారు?"

అన్న ఇలారియా మొహం వైపు చూస్తూ ఉన్నాడు. నేను వాడి చెల్లెల్ని, వాడి మొహం నాకు తెలుసు. ఆ చూపులో ఏముందో ఇక్కడ రాయలేను. నాలుగేళ్ల పిల్లని నోటితో పలకరించలేక కళ్లతోనే తడిమాడు. చివరికి పెదవి ఒక పక్కకి కదిలింది, ఆ సందు కనపడింది.

"చచ్చినవాళ్లకి అన్నీ తెలుస్తాయి తల్లీ. ఇంటికెళ్లు. పిల్లకి చలేస్తోంది."

కెప్టెన్ విసుక్కుని, ఈ పిచ్చిదాన్ని తీసుకుపొండి అన్నాడు. నేను వదినని పట్టుకుని నడిపించాను. ఆవిడ వెనక్కి తిరగలేదు, తిరిగితే మొహమే అంతా చెప్పేసేది. గుడి గోడ దాటుతుంటే తుపాకులు పేలాయి. ఇలారియా ఉలిక్కిపడి ఏడ్చింది. వదిన దాన్ని ఊరుకోబెడుతూ, "టపాకాయలమ్మా, టపాకాయలు" అంది. ఇంటికొచ్చేదాకా అదే మాట అంటూనే ఉంది.

వాణ్ణి ఊరి బయట ఎక్కడో పూడ్చారు, మాకు చోటు చూపించలేదు. ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది. వదిన మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది, మునుపటికంటే ఎక్కువ. గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్తున్నా పలకరించేది, ముష్టివాళ్లని, దారి తప్పిన సిపాయిల్ని, తాగుబోతుల్ని. పేరు అడిగేది, ఊరు అడిగేది, బదులు వచ్చేదాకా వదిలేది కాదు. జనం నవ్వుకునేవారు. నవ్వనీ.

తర్వాత కొన్నేళ్లకి స్పెయిన్ దొరలు వెళ్లిపోయారు. మనదే రాజ్యం అన్నారు, రాజు కూడా మనవాడేనన్నారు, ఆ రాజూ పోయాడు. సెప్టెంబర్ పదహారున గంటలు కొట్టి, ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు గుడి మెట్ల మీద నిలబడి చదవడం మొదలుపెట్టారు. ఊరిపెద్దలు మా ఇంటికొచ్చారు. భార్యే నలుగురి ముందుకొచ్చి, ఫలానా మనిషి నా భర్త, ఈ పోరాటంలో చనిపోయాడు అని చెబితే పేరు చదువుతారట. ఊరందరికీ తెలిసిందే కదా, లాంఛనం అంతే అన్నారు. వదిన వాళ్లకి జావ ఇచ్చి, పిల్లల క్షేమం అడిగి, వానల గురించి మాట్లాడి పంపేసింది. నువ్వు చెప్పకపోతే చెల్లెల్ని, నేను చెబుతాను అన్నాను. ఒప్పుకోలేదు.

"ఉర్బానో చచ్చిపోయాడని నలుగురి ముందూ ఒకసారి చెప్పాను సబీనా" అంది. "అప్పుడు నా ఎదురుగా బతికే ఉన్నాడు. ఆ మాట మళ్లీ నా నోటితో చెప్పించకు."

మా అన్న పేరు ఈ ఏడు కూడా చదవలేదు.